ఎత్తుపళ్లకు ఏ క్లిప్పు మంచిదో ఒక్క ముక్కలో చెప్పలేం

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ఎత్తుపళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. కనిపించే క్లిప్పులు వేయించుకోవాలా, బయటికి కనిపించని ప్లాస్టిక్ ట్రేలు, అంటే అలైనర్లు పెట్టుకోవాలా అన్నదే అందులో ప్రశ్న. ఒక పక్క లోహపు క్లిప్పుల బాధలు, ఇంకో పక్క అలైనర్ల సుఖాలు రాసి, మీకు ఏది నచ్చితే అది ఎంచుకోండి అని ముగించారు. నచ్చింది ఎంచుకునే వస్తువు కాదండీ అది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగ్గా రాస్తున్నాను, వేయగలిగినంత వేయండి.

నేను డాక్టర్ని కాదు. చిన్నప్పటి నుంచి ఎత్తుపళ్లతో పెరిగి, 15 ఏళ్లప్పుడు ఒకసారి, 27 ఏళ్లప్పుడు ఇంకోసారి వైద్యం చేయించుకున్న మనిషిని. ఇప్పుడు 14 ఏళ్ల మా అబ్బాయికి వైద్యం నడుస్తోంది, 9 ఏళ్ల మా పాపకి ఇంకా మొదలుపెట్టలేదు. అంటే ఒకే ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ పై పళ్లు ముందుకే ఉన్నాయి, డాక్టర్లు చెప్పింది మాత్రం ముగ్గురికీ వేరు వేరు. ఎందుకు వేరు అని అడిగి అడిగి తెలుసుకున్నదే రాస్తున్నాను.

ముందు ఎత్తు అంటే ఏమిటో చూడాలి. వెనక పళ్లు కలిపి నోరు మూసినప్పుడు పై ముందు పళ్ల అంచుకీ కింది ముందు పళ్లకీ మధ్య అడ్డంగా ఉండే దూరాన్ని డాక్టర్లు ఓవర్‌జెట్ అంటారు. చిన్న స్కేలు పెట్టి కొలుస్తారు. 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే మామూలు, 6 దాటితే బాగా ఎత్తు. మొదట కొలిచినప్పుడు మా అబ్బాయిది 9, నాది 8, పాపది 7. అంకెలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి కదా, మరి వైద్యం ఎందుకు మారింది? ఆ దూరం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి. పై పళ్లే ముందుకు వాలి ఉండొచ్చు, పై దవడే ముందుకు పెరిగి ఉండొచ్చు, లేదంటే పై దవడా పళ్లూ అన్నీ బాగానే ఉండి కింది దవడ వెనకబడి ఉండొచ్చు, ఇవన్నీ తలా కొంచెం కలిసీ ఉండొచ్చు. బయటి నుంచి చూసేవాళ్లకి మాత్రం అన్నీ ఒకటే, 'పళ్లు ఎత్తు'.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి తేడా ఉండేది కింది దవడలోనే అని మా అబ్బాయి డాక్టర్ గారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఇన్నాళ్లూ మేము పై పళ్లనే చూసి తప్పంతా వాటిదే అనుకున్నాం. ఆయన వాణ్ని పక్కకి తిప్పి నిలబెట్టి, కింది దవడను కొంచెం ముందుకు తెచ్చి నోరు మూయమన్నారు. ముఖం ఒక్కసారిగా మారిపోయింది. గడ్డం ముందుకు వచ్చింది, ఎప్పుడూ తెరుచుకునే ఉండే పెదాలు కలిశాయి. పై పళ్లు ఒక్క మిల్లీమీటరు కూడా కదల్లేదు, ఉన్నచోటే ఉన్నాయి. ఆ పళ్లను క్లిప్పులు వేసి వెనక్కి లాగేస్తే సరిపోతుంది అనుకున్న మేము ఏం చేయబోయామో అప్పుడు అర్థమైంది. బాగున్న పై పళ్లను తీసుకెళ్లి వెనకబడిన కింది దవడ దగ్గర కలిపేవాళ్లం.

ఇదేదో కొత్త విషయం కూడా కాదు. 1899లోనే ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ దంతవైద్యుడు పళ్ల కలయికను మూడు తరగతులుగా విడదీశారు. ఆయన చూసింది ముందు పళ్లను కాదు, వెనక పై దంతం కింది దంతం మీద ఎక్కడ కూర్చుంటోందన్నది. ఎత్తుపళ్లవాళ్లు ఎక్కువగా రెండో తరగతిలోకి వస్తారు. పక్క నుంచి తల మొత్తం తీసే ఎక్స్‌రే 1931 నుంచి ఉంది, దాని మీద గీతలు గీసి కోణాలు కొలిస్తే దవడది ఎంత, పళ్లది ఎంత అన్నది తేలుతుంది. మీ వ్యాసంలో ఈ ఎక్స్‌రే మాటే లేదు. ఆ ఎక్స్‌రే చూడకుండా, వెనక పళ్లు ఎలా కలుస్తున్నాయో పరీక్షించకుండా ఏ పరికరం మంచిదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

కారణాల్లో అలవాట్లు కూడా ఉంటాయి. బొటనవేలు చప్పరించడం అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది కింది పెదవి సంగతి. పై పళ్లు కాస్త ముందుకు ఉన్నప్పుడు కింది పెదవి వాటి వెనక్కి జారిపోతుంది, అక్కడ కూర్చుని పొద్దస్తమానం పై పళ్లను ముందుకి, కింది పళ్లను లోపలికి తోస్తూ ఉంటుంది. నా విషయంలో జరిగింది అదే, దాని వల్లే నా మొదటి వైద్యం చెడింది. ఆ కథ తర్వాత చెబుతాను.

మా అబ్బాయికి 12వ ఏట ట్విన్ బ్లాక్ పెట్టారు. చూడనివాళ్ల కోసం: పై పళ్లకి ఒక ప్లేటు, కింది పళ్లకి ఒక ప్లేటు, రెండింటి మీదా వాలుగా కోసిన దిమ్మెలు ఉంటాయి. నోరు మూయగానే ఆ వాలు మీద జారి కింది దవడ ముందుకు వచ్చి ఆగుతుంది, వెనక్కి పెట్టి కొరుకుదామన్నా కుదరదు. స్కాట్లండ్‌కి చెందిన విలియం క్లార్క్ అనే ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టర్) 1977లో దీన్ని మొదటిసారి వాడారు. తోటి దంతవైద్యుడి కొడుకు ఒకడు పడిపోయి ముందు పన్ను ఊడితే దాన్ని తిరిగి పెట్టారు, కానీ కింది పెదవి వెనక నుంచి తోస్తుంటే ఆ పన్ను కుదురుకోవడం లేదు, అందుకని ఆ పిల్లాడి కోసం చేసిందే ఇది. ఎత్తుపళ్లకీ దెబ్బలకీ సంబంధం ఎంత దగ్గరిదో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

పరికరం మంచిదే. కానీ మొదటి రెండు నెలలు మావాడి నోట్లో ఏ మార్పూ రాలేదు. పెట్టిన మొదటి వారం మాట ముద్దగా వచ్చేది, లాలాజలం కారేది, 'స' అనబోతే 'ష' వచ్చేది. ఇంట్లో పెట్టుకునేవాడు, బడికి వెళ్లగానే తీసి డబ్బాలో పెట్టి సంచిలో వేసుకునేవాడు, సాయంత్రం గేటు దగ్గర మళ్లీ పెట్టుకుని లోపలికి వచ్చేవాడు. మాకు తెలియదు. రెండో నెల కొలిస్తే ఇంకా 9 మిల్లీమీటర్లే. డాక్టర్ గారు కోప్పడలేదు, నన్ను బయట కూర్చోమని వాడితోనే మాట్లాడారు. ఏం మాట్లాడారో వాడు ఇప్పటికీ పూర్తిగా చెప్పడు. బడిలో ఎవరు ఏమంటున్నారో అడిగారట, ఇంట్లో రోజూ అరగంట గట్టిగా పాఠం చదివితే మాట తొందరగా కుదురుతుందని చెప్పారట. ఆ అరగంట చదవడం నిజంగా పనిచేసింది. పది రోజుల్లో మాట తేటపడింది, ఆ తర్వాత బడిలో తీయలేదు. 11 నెలలకి 9 కాస్తా 3 అయ్యింది. ఇప్పుడు మామూలు క్లిప్పులతో పళ్లను వరసలో పెడుతున్నారు, అది ఇంకో ఏడాది పైనే పడుతుందన్నారు.

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో దీన్ని దాచేస్తారు. ట్విన్ బ్లాక్ లాంటివి కింది దవడను పెంచేస్తాయి అని చాలామంది చెబుతారు. దవడ ఎలాగూ పెరిగే వయసులోనే వీటిని వాడతారు, పరికరం వల్ల అదనంగా వచ్చేది సగటున ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. మిగతాది పై పళ్లు వెనక్కి వాలడం, కింది పళ్లు ముందుకు వాలడం వల్ల వస్తుంది. ఈ మాట మా డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు, అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది. 6 మిల్లీమీటర్లు తగ్గితే అందులో దవడది ఎంత, పళ్లది ఎంత అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా.

తీసి పెట్టే పరికరం పిల్లలు వాడరు అనుకుంటే దానికి వేరే దారి ఉంది. హెర్బ్‌స్ట్ అని, పళ్లకి అతికించేస్తారు, డాక్టరే తీయాలి. పై వెనక పళ్ల నుంచి కింది ముందు భాగానికి రెండు పక్కలా ఒక గొట్టం, అందులో జారే కడ్డీ ఉంటాయి, నోరు మూసినప్పుడల్లా అవి దవడను ముందుకు నిలబెడతాయి. ఎమిల్ హెర్బ్‌స్ట్ అనే జర్మన్ వైద్యుడు వందేళ్ల కిందటే చేసింది, అందరూ మర్చిపోయాక 1979లో హాన్స్ పాన్‌కెర్జ్ మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఈ రెండింటినీ నేరుగా పోల్చి చూసిన పరిశోధన ఒకటి బ్రిటన్‌లో 2003లో వచ్చింది. 215 మంది పిల్లలు, 11 నుంచి 14 ఏళ్ల వాళ్లు. పళ్లలో, దవడలో వచ్చిన మార్పు రెండింటికీ దాదాపు ఒకటే. తేడా ఎక్కడంటే, ట్విన్ బ్లాక్ ఇచ్చినవాళ్లలో 33.6 శాతం మంది మధ్యలో మానేశారు, హెర్బ్‌స్ట్ వాళ్లలో 12.9 శాతం. అంటే ట్విన్ బ్లాక్ పెట్టుకున్న ముగ్గురిలో ఒకరు మావాడు సంచిలో దాచినట్టే దాచి, చివరికి వదిలేశారన్నమాట. మరి అందరికీ హెర్బ్‌స్టే పెట్టొచ్చు కదా అంటే, అది విరగడం, ఊడడం ఎక్కువ, రిపేరుకి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది. ఆ పరిశోధనలోనూ అదే కనిపించింది.

నాకు ఈ పోలిక చాలా నచ్చింది. ఎందుకంటే ఇక్కడ రెండు పరికరాల్లో ఏది గొప్పది అన్న ప్రశ్నే తప్పుకుంటుంది, ఈ పిల్లాడు ఏది పెట్టుకుంటాడు అన్నది ముందుకు వస్తుంది. మా అబ్బాయితో ఆ డాక్టర్ గారు మాట్లాడకపోయి ఉంటే వాడూ ఆ 33.6 శాతంలోకే వెళ్లేవాడు, మేము పరికరాన్ని తిట్టుకునేవాళ్లం.

హెడ్‌గేర్ సంగతి క్లుప్తంగా. తల వెనక పట్టీ, ముఖం ముందు తీగ, రోజుకి 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి. పై దవడ ముందుకు పెరగడాన్ని ఆపడానికి, వెనక పై పళ్లను నిలబెట్టడానికి వాడేవారు. పనిచేస్తుంది. కానీ తీగ జారి కంటికి తగిలిన ప్రమాదాలు జరిగాయి, అందుకే భద్రతా బందు లేని హెడ్‌గేర్ పెట్టకూడదు. దవడ ఎముకలోకి వేసే మినీ స్క్రూలు వచ్చాక దీని వాడకం బాగా తగ్గింది.

పాప విషయానికి వస్తాను. 9 ఏళ్లు, 7 మిల్లీమీటర్లు. ఒక డాక్టర్ ఇప్పుడే మొదలుపెడదాం అన్నారు, ఇంకొకరు రెండు మూడేళ్లు ఆగుదాం అన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఎవర్ని నమ్మాలి అని చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, దీని మీదా పరిశోధనలు జరిగాయి, వాటన్నింటినీ కలిపి కోక్రేన్ సంస్థ సమీక్ష చేసింది, 2018లో దాన్ని మళ్లీ సవరించింది. 7 నుంచి 11 ఏళ్ల మధ్య ఒక విడత, కౌమారంలో రెండో విడత చేయించుకున్నవాళ్లని, కౌమారంలో ఒకే విడత చేయించుకున్నవాళ్లతో పోల్చి చూస్తే, చివరికి పళ్లు, దవడ ఉన్న తీరులో పెద్ద తేడా లేదు. ముందే మొదలుపెట్టినందుకు ఖాయంగా దొరికిన లాభం ఒక్కటి, ముందు పళ్లకి దెబ్బలు తగలడం తగ్గింది.

ఆ ఒక్కటీ చిన్నదేమీ కాదు. ఎత్తుగా ఉన్న పన్నుకి పెదవి అడ్డు ఉండదు, పడితే ముందు తగిలేది అదే. ఓవర్‌జెట్ 3 మిల్లీమీటర్లు దాటిన పిల్లల్లో ముందు పళ్లకి దెబ్బ తగిలే అవకాశం మిగతా పిల్లల కంటే దాదాపు రెండింతలు. పరిగెత్తే పిల్ల, సైకిల్ తొక్కే పిల్ల అయితే ఇది ఆలోచించాల్సిందే. ఇంకోవైపు, రెండు విడతలు అంటే 9 ఏళ్ల నుంచి 14 దాకా డాక్టర్ చుట్టూ తిరగడం, పిల్లలు విసిగిపోవడం, అసలు అవసరమైన రెండో విడతలో సహకరించకపోవడం కూడా ఉంటుంది. పిల్లలు ఎగతాళికి కుంగిపోతుంటే మాత్రం ముందే మొదలుపెట్టడంలో తప్పు లేదు, అది కూడా కారణమే. మేము ఆగుదామనే అనుకున్నాం, ఆటలప్పుడు పెట్టుకోవడానికి పాపకి మౌత్‌గార్డ్ చేయించాం. ఇంకో ఇంట్లో ఇంకోలా నిర్ణయించుకుంటే వాళ్లదీ సరైనదే కావొచ్చు.

ఇప్పుడు నా కథ. 15వ ఏట నాకు తీసి పెట్టుకునే ప్లేటు ఇచ్చారు, అంగిలికి ప్లాస్టిక్, ముందు పళ్ల మీంచి ఒక తీగ. తీగ బిగించినప్పుడల్లా పళ్లు లోపలికి వచ్చాయి. ఎనిమిది నెలల్లో చూడటానికి బాగా తగ్గాయి. ఇక చాలు అన్నారు, ప్లేటు తీసేశాను. ఏడాది తిరక్కుండా పళ్లు మళ్లీ ముందుకు వచ్చేశాయి. ఆ ప్లేటు చేయగలిగింది పన్నును వాల్చడం ఒక్కటే, చిగురు దగ్గర పట్టుకుని పైభాగాన్ని తోసినట్టు. వేరు కదలదు. పళ్ల మధ్య సందులుండి, అవి కేవలం ముందుకు వాలినవైతే ఆ వాల్చడమే చాలు, కానీ నాకు దవడలోనే తేడా ఉంది, కింది పెదవి ఇంకా పళ్ల వెనకే ఉంది, పైగా పళ్లు మళ్లీ కదలకుండా పట్టి ఉంచడానికి తర్వాత పెట్టుకోవాల్సిన రిటైనర్ నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇది ఎవర్నో నిందించడానికి చెప్పడం లేదు. ఇప్పటికీ చిన్న ప్లేటుతో పని అయిపోతుంది అంటే ఆశపడేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసం చెబుతున్నాను.

27 ఏళ్లప్పుడు మళ్లీ వెళ్తే, ఎదుగుదల అయిపోయింది కాబట్టి దవడను ముందుకు తెచ్చే పరికరాలు నీకు పనికిరావు అన్నారు. మిగిలినవి రెండు దారులు. దవడ ఆపరేషన్ ఒకటి, తేడా మరీ ఎక్కువ ఉన్న పెద్దవాళ్లకి అదే సరైనది. రెండోది, పై పళ్లలో కోరపన్ను వెనకే ఉండే చిన్న దంతం ఒక్కోపక్క ఒకటి తీసేసి, ఆ ఖాళీలోకి ముందు పళ్లను లాగడం. ఒక్కో దంతం తీస్తే దాదాపు 7 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. నేను రెండోది ఒప్పుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న పళ్లు తీయించుకోవడానికి నెల రోజులు ఏడ్చాను. బుగ్గలు లోపలికి పోతాయి, ముఖం ముసలిదైపోతుంది అని అందరూ భయపెట్టారు. నాకు అలా జరగలేదు, పెదాలు మొదటిసారి బలవంతం లేకుండా కలిశాయి. అయితే ఇది అందరికీ సరిపోతుందని చెప్పను, పై పెదవి ముందే పల్చగా, లోపలికి ఉన్నవాళ్లకి పళ్లు ఇంకా వెనక్కి లాగితే బాగుండదు. అది కూడా ఆ పక్క ఎక్స్‌రే చూసే చెప్పాలి.

ఈ లాగడంలో ఒక చిక్కు ఉంది, మీ వ్యాసం రాసినవాళ్లు దాన్ని అసలు తాకలేదు. తాడు రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని లాగితే ఇద్దరూ ఎంతో కొంత కదులుతారు కదా. ముందు పళ్లను వెనక్కి లాగుతుంటే, ఏ వెనక పళ్లకు కట్టి లాగుతున్నామో అవి ముందుకు వస్తాయి. అలా వస్తే తీసిన పళ్ల ఖాళీ సగం వాటికే పోతుంది, ఎత్తు అలాగే మిగిలిపోతుంది. అందుకే ఎముకలోకి చిన్న స్క్రూలు వేస్తారు, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల లావు ఉంటాయి, తాత్కాలికం, పని అయ్యాక తీసేస్తారు. నాకు రెండు వేశారు, మత్తు ఇచ్చి వేశారు కాబట్టి వేసేటప్పుడు నొప్పి తెలియలేదు. ఒకటి మూడో నెలలో వదులైతే తీసి పక్కన మళ్లీ వేశారు. అలా వదులవడం అరుదేమీ కాదని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి కంగారు పడలేదు. పళ్లు నెలకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున కదిలాయి. మొత్తం 2 సంవత్సరాల 3 నెలలు పట్టింది.

అలైనర్ల గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నానంటే అవి చెడ్డవని కాదు. నాతో పనిచేసే ఒకావిడ వాటితోనే చేయించుకున్నారు, చాలా సంతోషంగా ఉన్నారు. ఆవిడ ఓవర్‌జెట్ 5 మిల్లీమీటర్లు, ముందు పళ్ల మధ్య సందులు ఉన్నాయి, వెనక పళ్లు సరిగ్గానే కలుస్తున్నాయి. సందులు మూస్తూ పళ్లను లోపలికి వాల్చాలి, అంతే. అలాంటి పనికి అలైనర్లు చక్కగా సరిపోతాయి. ఒక్కో ట్రే పన్నును పావు మిల్లీమీటరు వరకే కదిలిస్తుంది, రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, తినేటప్పుడు తీయొచ్చు, బ్రష్ చేసుకోవడం తేలిక. వెనక పళ్లను ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపడం కూడా వాటితో అవుతుంది, దానికి రబ్బరు బ్యాండ్లు కూడా పెట్టుకోవాల్సి రావచ్చు. ఎదిగే పిల్లల దవడను ముందుకు తెచ్చే రెక్కలున్న అలైనర్లు కూడా వచ్చాయి.

కష్టం ఎక్కడంటే నాలాంటి కేసుల్లో. పళ్లు తీసి 7 మిల్లీమీటర్ల ఖాళీలోకి ముందు పళ్లను వేరుతో సహా నిలువుగా జరపాలంటే, ప్లాస్టిక్ ట్రేకి ఆ పట్టు దొరకడం కష్టం, పళ్లు జరగడానికి బదులు ఖాళీలోకి వాలిపోతుంటాయి. అనుభవం ఉన్న డాక్టర్లు చేస్తున్నారు, కానీ అదంత సులువు కాదు. పైగా 20 గంటలు పెట్టుకోకపోతే అదీ సంచిలో ఉన్న ట్విన్ బ్లాకే. ఇక ఎక్స్‌రే లేకుండా, ఎవరూ నోరు చూడకుండా, ఇంట్లో అచ్చు తీసి పంపితే ట్రేలు పోస్టులో వచ్చే పద్ధతి జోలికి మాత్రం దయచేసి ఎవరూ వెళ్లొద్దు. చిగుళ్ల జబ్బు ఉందో లేదో తెలియకుండా పళ్లు కదిపితే ఊడిపోయే దాకా వెళ్లొచ్చు.

పళ్ల రంగులో కలిసిపోయే సిరామిక్ క్లిప్పులు, పళ్ల లోపలి వైపు అతికించేవి, ఇవన్నీ లోహపు క్లిప్పులు చేసే పనే చేస్తాయి, కనిపించడంలోనే తేడా. సిరామిక్ కాస్త పెళుసు. రబ్బరు కట్టు అక్కర్లేని రకం క్లిప్పులతో వైద్యం త్వరగా అయిపోతుందని చెబుతారు, పోల్చి చూసిన పరిశోధనల్లో ఆ తేడా కనిపించలేదు.

మీ వ్యాసంలో క్లిప్పుల బాధ అని రాసింది చాలావరకు నిజమే. బిగించిన ఒకటి రెండు రోజులు నొప్పి ఉంటుంది, వారంలో పోతుంది. కానీ నొప్పి కంటే పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. సరిగ్గా తోముకోకపోతే క్లిప్పు చుట్టూ పన్ను మీద తెల్ల మచ్చలు పడతాయి, క్లిప్పు తీసినా అవి పూర్తిగా పోవు. మా అబ్బాయికి ఫ్లోరైడ్ పేస్టుతో పాటు తీగ కింద దూరే చిన్న బ్రష్ ఇచ్చారు, రాత్రి పూట నేనే టార్చి వేసి చూస్తాను. వేర్ల కొనలు కొద్దిగా కరగడం చాలామందిలో జరుగుతుంది, ఎక్కువగా కరిగేది కొద్దిమందికే, మధ్యలో ఎక్స్‌రే తీసి చూసేది అందుకే.

ఇక రిటైనర్. ఎత్తుపళ్లు ఏ పరికరంతో తగ్గినా సరే, తర్వాత వాటిని పట్టి ఉంచకపోతే మళ్లీ ముందుకు రావడం దాదాపు ఖాయం, 15 ఏళ్లప్పుడు నా నోట్లో జరిగింది అదే. రెండు పరికరాల మధ్య పోలిక రాసి, అవి అయిపోయాక ఏళ్ల తరబడి పెట్టుకోవాల్సిన మూడోదాని గురించి ఒక్క లైను కూడా రాయకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. చదివినవాళ్లు అలైనర్లు అయిపోగానే పని అయిపోయింది అనుకుంటారు. నేను ఇప్పటికీ రాత్రి రిటైనర్ పెట్టుకునే పడుకుంటాను.

డాక్టర్ దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఏ పరికరం అని అడిగే ముందు ఇవి అడగాలని నాకు అనిపిస్తుంది. మా పిల్లకి ఎత్తు దవడ వల్లా, పళ్ల వల్లా? ఎదుగుదల ఇంకా ఎంత మిగిలింది? ఇప్పుడు మొదలుపెడితే రెండో విడత ఉంటుందా? పెట్టుకోకపోతే ఏం చేస్తారు? అయిపోయాక రిటైనర్ ఎన్నాళ్లు? జవాబులు చెప్పే డాక్టర్ ఏ పరికరం వాడినా నాకు భయం లేదు. పిల్లని కూడా కుర్చీలో కూర్చోబెట్టి ఆ మాటలన్నీ విననివ్వండి, నోరు తనది కదా.

ఆఖరుగా ఆ వ్యాసం పక్కన వేసిన బొమ్మ గురించి. పెదాల మీంచి పారల్లా పొడుచుకొచ్చిన రెండు పళ్లతో ఒక పిల్లాడు, చుట్టూ వేలు చూపించి నవ్వుతున్న పిల్లలు. మా పాప ఆ పేజీ నాకంటే ముందే చూసింది. నాకు చూపించలేదు, మడిచి పాత పేపర్ల అడుగున పెట్టింది, వెతికితే దొరికింది. ఆ రోజు నుంచి నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నేను 27 ఏళ్ల దాకా అలాగే నవ్వాను. ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు దయచేసి ఆ బొమ్మ తీసేసి, దాని బదులు పక్క నుంచి తీసిన దవడ ఎక్స్‌రే వేయండి. అది చూపించి మా పాపకి తన పళ్లు ఎందుకు అలా ఉన్నాయో నేను చెప్పుకోగలను.

ఇట్లు,
మీ పాఠకురాలు